పిట్టగోడ మీద నీలం చొక్కా

ఆ దేశంలో దిగిన రోజున నేను చేసిన మొదటి పని, కుళాయి తిప్పి దోసిట్లో నీళ్ళు పట్టుకుని వాసన చూడటం. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసేసి ఇళ్ళకి పంపిస్తారని అల్లుడుగారు చెప్పారు. ఆయన నవ్వుతూ చెప్పారు కాబట్టి నేను నమ్మలేదు. అలా తీసిన ఉప్పంతా ఎక్కడ పోస్తున్నారని అడిగాను. ఆ నీళ్ళు కాచి, గుడ్డలో వడకట్టి, ఒక రోజు నిలవ ఉంచి అప్పుడు తాగాను. ఖతార్‌లో ఉన్న అయిదు నెలలూ అలాగే తాగాను.

నా చదువు మూడో తరగతితో సరి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, అలాగే రాస్తాను. దేశాలు తిరిగి వచ్చినవాళ్ళు అక్కడి అద్దాల మేడల గురించి రాస్తారు. నేను మేడలు చూడలేదు. ఒక డాబా, ఒక పిట్టగోడ, వెనకింటివాళ్ళ వాకిలి చూశాను. వాటి గురించే రాస్తాను.

అమ్మాయికి ఏడో నెల వచ్చాక డాక్టరమ్మ విమానం ఎక్కొద్దంది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. పిల్ల రాలేకపోయింది కాబట్టి పుట్టిల్లే మూట కట్టుకుని విమానం ఎక్కింది. పసుపు, శొంఠి, వాము, పాత చీరలు తెచ్చుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఒకాయన శొంఠి పొట్లం విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, నన్నొకసారి, పొట్లాన్నొకసారి చూశాడు. అక్కడివాళ్ళు కూడా నాలాంటివాళ్ళేనని అప్పుడే గ్రహించాల్సింది.

ఇల్లు అల్ వక్రాలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. పొద్దున్నే చేపల పడవల మోటార్ల చప్పుడు వినబడేది. చమురు ధర, గ్యాసు ధర ఆకాశాన్నంటిన ఏళ్ళవి. దోహా వైపు చూస్తే క్రేన్లు కొంగల్లా నిలబడి ఉండేవి. అంత వేగంగా కట్టే గోడ ఎన్నాళ్ళు నిలుస్తుందని అల్లుడుగారిని అడిగాను. ఆ కట్టే కంపెనీలోనే ఆయన ఇంజనీరు. ఆయన పెరుగన్నంలో ఇంకో గరిటె పెరుగు వేసుకున్నారు.

మేమున్నది ముందు వాటా, రెండు గదులు. ఇంటివాళ్ళు మా వెనకే ఉండేవారు. ఒక ముసలావిడ, ఆవిడ ఇద్దరు కొడుకులు, కోడళ్ళు. వాళ్ళ వాకిలికీ మాకూ మధ్య నిలువెత్తు గోడ. పెద్దకొడుకే ఇంటి యజమాని. తెల్లటి పొడుగు అంగీ, అత్తరు వాసన. ఇంగ్లీషులో మాట్లాడేవాడు. మా కంటే ముందు ఎవరెవరో వచ్చి అడిగినా ఇవ్వకుండా మాకే ఎందుకిచ్చాడని నాకు అనుమానం. ఫ్యామిలీ కాబట్టి ఇచ్చాడని అమ్మాయి చెప్పింది. ఆ వీధిలో అందరూ సంసారులే ఉండాలట. ఒంటరిగా వచ్చి పని చేసుకునే మగవాళ్ళని అక్కడ బ్యాచిలర్లంటారు. ఊళ్ళో పెళ్ళాం, పిల్లలు, ఆఖరికి మనవలున్నా సరే, ఇక్కడికి ఒక్కడూ వస్తే బ్యాచిలరే. బ్యాచిలర్ని ఇంట్లో పెట్టుకోబోమని మాటిచ్చాకే తాళంచెవి చేతికిచ్చాడట.

మా ఇంటికి ప్రతి శుక్రవారం అలాంటి బ్యాచిలర్ ఒకడు భోజనానికి వచ్చేవాడు.

అతను అల్లుడుగారి కంపెనీలోనే తాపీమేస్త్రీ. జగిత్యాల దగ్గర పల్లెటూరు. నలభై దాటిన మనిషి, ఇద్దరు కొడుకుల తండ్రి. క్యాంపులో పన్నెండు మందితో ఒక గదిలో ఉండేవాడు. తెలుగు మాట కోసం, పప్పుచారు కోసం వచ్చేవాడు. ఊరికే తినేవాడు కాదు. వచ్చీ రాగానే డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు చూసేవాడు. ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపే బంతి ఒకటుంటుంది, అది వారానికోసారి మొరాయించేది. అది సర్దాకే దిగి కాళ్ళు కడుక్కునేవాడు.

మొదటి శుక్రవారమే నన్ను పెద్దమ్మా అన్నాడు. అడగకుండా వరస కలిపేవాళ్ళంటే నాకు గిట్టదు.

“మీవాళ్ళకి నువ్వు ఇక్కడున్నావని తెలుసా అయ్యా?” అని అడిగాను.

“మా ఊర్ల ఎవలనడిగినా నేను దుబాయ్‌ల ఉన్న అంటరు పెద్దమ్మా. ఖతారంటే వాళ్ళకు ఎర్కలేదు. మా అవ్వకైతే ఇమానం ఎక్కినోళ్ళందరు దుబాయ్‌కే పోయిండ్రు.”

“మరి నువ్వు చెప్పొచ్చుగా?”

“చెప్తే మల్ల గదేడున్నదని అడుగుతరు. నాకే సక్కగ ఎర్కలేదాయె!”

ఉన్న ఊరి పేరు కూడా ఇంట్లో సరిగ్గా చెప్పనివాడిని ఎలా నమ్మాలి? కంచం కడిగి పెడుతూ నేను చెంచాలు చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

ఇక వడియాల సంగతి. ఆ ఇంట్లో అన్నం మిగిలితే చెత్తబుట్టలో వేసేవారు. నేను వెళ్ళాక అది సాగలేదు. మిగిలిన అన్నం మెదిపి, ఉప్పూ జీలకర్రా పచ్చిమిర్చీ నూరి కలిపి, పాత చీర మీద వడియాలు పెట్టాను. పుచ్చకాయ తిని చెక్కు పారేయబోతే లాక్కుని, ఆకుపచ్చ తోలు తీసి, తెల్లటి దళసరి భాగం సన్నగా తరిగి, బూడిదగుమ్మడికి బదులు దానితో మినప్పిండి వడియాలు పెట్టాను. అంత ఎండ వృథాగా పోతుంటే చూస్తూ ఊరుకునే మనిషిని కాదు నేను.

ఆ ఎండ మన ఎండ లాంటిది కాదు. నెత్తి మీద పెనం పెట్టినట్టుంటుంది. మా ఊళ్ళో పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళం చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుంటాం. ఎండకీ దుమ్ముకీ అంతకంటే మంచి బట్ట లేదు. అల్లుడుగారి పాత కంపెనీ చొక్కా ఒకటి నేల తుడిచే గుడ్డల్లో పడి ఉంది. నీలం రంగు, పొడుగు చేతులు, వీపు మీద వెండిలా మెరిసే పట్టీలు. గుండీలన్నీ ఉన్న చొక్కాతో నేల తుడవడమేమిటి? ఉతికి నేను తొడుక్కున్నాను. కంపెనీలో అందరికీ అదే చొక్కా. మేస్త్రీదీ అదే.

పొద్దున్న ఎనిమిదికి వడియాలు ఎండలో పెట్టి, పదకొండు దాకా కాపలా ఉండేదాన్ని. వరసకి పన్నెండు. దిగేటప్పుడు లెక్కపెట్టేదాన్ని, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కి లెక్కపెట్టేదాన్ని. మూడో రోజున రెండు తక్కువయ్యాయి. మర్నాడు నాలుగు. గాలికి ఎగిరాయని అమ్మాయి అంది. గాలి వచ్చి వరుస మధ్యలోవి ఏరుకుని పోతుందా?

ఆ శుక్రవారం మేస్త్రీ డాబా మీద ట్యాంకు చూస్తుంటే నేనూ ఎక్కాను. సగం ఎండిన వడియం ఒకటి చీర మీంచి ఒలిచి నోట్లో వేసుకుంటున్నాడు.

“ఎండకుండా తినేస్తే ఇంక ఎండబెట్టడం దేనికయ్యా?”

“పచ్చివే రుచి పెద్దమ్మా. జర ఉప్పెక్కువైంది గని, మంచిగున్నయి.”

“తినేదేదో అడిగి తినొచ్చుగా.”

“నీ లెక్కల ఒక్కటి తక్కువైతది, గంతే గద!” అని నవ్వాడు.

నేను లెక్కపెడతానని అతనికెవరు చెప్పారు? అమ్మాయి చెప్పిందట, నవ్వులాటకి. నాకు నవ్వు రాలేదు. శుక్రవారం కాని రోజుల్లో కూడా వడియాలు పోతున్నాయి. అతని సైటు మా వీధి చివరే. మెట్లు బయటినుంచి. మేం మధ్యాహ్నం తలుపులేసుకుని కునుకు తీసేటప్పుడు ఎవరెక్కితే ఎవరికి తెలుస్తుంది?

అలాగని వెనకింటివాళ్ళనీ నేను వదల్లేదు. పిట్టగోడ నా గడ్డం దాకా ఉండేది, అవతలికి సరిగ్గా కనబడేది కాదు. మూల పడి ఉన్న రెండు సిమెంటు దిమ్మలు లాక్కొచ్చి, వాటి మీద నిలబడి చూసేదాన్ని. వాకిట్లో కోడళ్ళు తలారబోసుకునేవారు, బట్టలారేసేవారు, చేపలు శుభ్రం చేసేవారు. వాళ్ళ చేతుల్లో, పళ్ళేల్లో నా వడియాలేమైనా ఉన్నాయా అని చూసేదాన్ని. దిమ్మల సంగతి అమ్మాయికి చెప్పలేదు.

ఒక శనివారం సాయంత్రం అల్లుడుగారు ఫోను పెట్టేసి, చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

“అత్తయ్యగారూ, మన డాబా మీద ఎవరో మగమనిషి తిరుగుతున్నాడట. ఇంటాయన ఫోన్ చేశాడు. చాలా కోపంగా ఉన్నాడు. పిట్టగోడ మీంచి వాళ్ళ ఆడవాళ్ళని చూస్తున్నాడట.”

“ఎలాంటి మనిషట?”

“నీలం చొక్కా, తలకి తువ్వాలు.”

ఆ మాట వినగానే నా ఒళ్ళంతా చల్లబడినట్టయింది. భయంతో కాదు, తృప్తితో. రెండు వారాలుగా నేను మొత్తుకుంటున్నది నిజమైనందుకు.

“ఇంకెవరండీ! మీ మేస్త్రీ. నా వడియాలు పోతున్నాయంటే అందరూ నవ్వారు.”

“అమ్మా, ఆయన అలాంటివాడు కాదు,” అంది అమ్మాయి.

“ఎలాంటివాడో నీకెలా తెలుసే? నోట్లో వేసుకుంటుంటే నేను కళ్ళారా చూశాను.”

“వడియం తిన్నాడని ఆడవాళ్ళని చూశాడంటావా?”

“అడక్కుండా తిన్నవాడు అడక్కుండా చూడడా?”

అల్లుడుగారు ఏదో అనబోయే లోపలే ఇంటాయన గుమ్మంలోకి వచ్చేశాడు. లోపలికి రాలేదు. నేనూ అమ్మాయీ ఉన్నామని మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. “బ్యాచిలర్ మాఫీ! ఫ్యామిలీ, ఫ్యామిలీ!” అని గట్టిగా అన్నాడు. బ్యాచిలర్ కుదరదని. తరవాత అల్లుడుగారితో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆ మనిషెవరో చెప్పకపోతే ఇల్లు ఖాళీ చేయాలన్నాడని అమ్మాయి నా చెవిలో చెప్పింది. దానికి తొమ్మిదో నెల. అల్లుడుగారు నీళ్ళు నములుతున్నారు. ఆయన చెప్పరని నాకర్థమైంది. నేనే ముందుకొచ్చి, “ఫ్రైడే, ఫ్రైడే” అన్నాను. అన్నం తింటున్నట్టు చేత్తో చూపించాను. ఆ తరవాత పైకి, డాబా వైపు చూపించాను. అంతే. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఒకటి దానికి ఖర్చు పెట్టాను.

ఇంటాయనకి అర్థమైపోయింది. ప్రతి శుక్రవారం వచ్చేవాడిని అతనూ చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఆదివారం మేస్త్రీని పనిలోకి రానివ్వలేదు. క్యాంపులోనే కూర్చోబెట్టారు. ఇంటాయన కంపెనీవాళ్ళతో మాట్లాడాడట. ఆడవాళ్ళ విషయం, ఎవరూ వాదించరు. బుధవారం విమానానికి పంపించేస్తారని అల్లుడుగారు అన్నం ముందు కూర్చుని చెప్పారు.

“పంపిస్తే ఏం, ఇంటికేగా వెళ్ళేది,” అన్నాను.

“క్యాన్సిల్ చేసి పంపిస్తారండీ. క్యాన్సిల్ అంటే మళ్ళీ ఈ దేశం రాలేడు. ఆడవాళ్ళ కేసని చెప్పి పంపిస్తే ఊళ్ళో ఏం చెప్పుకుంటాడు?” అని ఆయన అన్నం వదిలేసి లేచారు. ఆ అన్నం కూడా నేను మర్నాటి వడియాల్లో కలిపేశాను.

సోమవారం పొద్దున్న తేలిక మనసుతో డాబా ఎక్కాను. దొంగ లేడు కదా. ఆదివారం పెట్టినవి లెక్కపెట్టాను. ఏడు తక్కువ.

రెండోసారి లెక్కపెట్టాను. మూడోసారి వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టాను. ఏడు. మేస్త్రీ ఆదివారమంతా క్యాంపులో తలుపుల వెనక ఉన్నాడు. అయితే వెనకింటివాళ్ళే. వాళ్ళే తీసి, వాళ్ళే గొడవ పెట్టి, మమ్మల్ని ఖాళీ చేయించి ఎక్కువ ఇచ్చేవాళ్ళకి ఇల్లు ఇచ్చుకోవాలని ఎత్తు వేశారు. నా మనసు ఎంత చురుగ్గా పని చేసిందో ఇప్పటికీ ఆశ్చర్యం. తువ్వాలు బిగించుకుని, కర్ర పట్టుకుని, దిమ్మలెక్కి అవతలికి వంగి చూశాను.

చిన్నకోడలు బట్టలారేస్తోంది. తలెత్తి నన్ను చూసింది. ఒక్క కేక పెట్టి, చేతిలోని తడిబట్టే మొహం మీద కప్పుకుని లోపలికి పరుగెత్తింది.

నేను వెంటనే వెనక్కి తిరిగాను. నా వెనకెవడో మగవాడు నిలబడి ఉన్నాడనుకున్నాను. ఎవరూ లేరు. కర్ర ఎత్తి మెట్లగది చూశాను. ట్యాంకు చుట్టూ తిరిగాను. “ఎవడ్రా అక్కడ, బయటికి రా” అన్నాను. ట్యాంకులో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు ట్యాంకు తెల్లటి గోడ మీద ఒక నీడ కనబడింది. తలకి పాగా, వదులు చొక్కా, చేతిలో కర్ర. నడుం కింద భాగం పిట్టగోడ నీడలో కలిసిపోయింది. ఆ నీడకి చీర లేదు.

నేను కర్ర దించాను. నీడ కూడా దించింది.

అక్కడే నేల మీద కూర్చున్నాను. ఎండ కాలుస్తున్నా చాలాసేపు లేవలేదు. నిజం రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి: ఆ పూటంతా ఊరుకుందామనే అనుకున్నాను. నేనని తెలిస్తే అల్లుడుగారి పరువేమవుతుంది? అత్తగారు మగచొక్కా తొడుక్కుని దిమ్మలెక్కి పరాయివాళ్ళ వాకిలి తొంగి చూసిందంటే నలుగురూ ఏమంటారు? తొమ్మిదో నెల పిల్లని ఆ వంకతో రోడ్డు మీద పెడితే? మేస్త్రీ నా వాడా, నా కులమా, నా ఊరా? ఇలా ఎన్ని అనుకున్నా, బుధవారం అన్న మాట దగ్గరికొచ్చేసరికి మింగుడుపడేది కాదు. కొడుకు ఏ దేశంలో ఉన్నాడో కూడా సరిగ్గా తెలియని అతని తల్లికి, అతన్ని ఎందుకు తోలేశారో మాత్రం తెలుస్తుంది.

మంగళవారం పొద్దున్న అల్లుడుగారు డ్యూటీకి వెళ్ళాక అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. అది ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. తరవాత తిట్టింది.

“ఆయన కంచం కడిగిన ప్రతిసారీ నువ్వు చెంచాలు లెక్కపెట్టడం నేను చూళ్ళేదనుకున్నావా?”

“తిడుదువుగానిలే, ముందు లే. వెనకింటికి వెళ్దాం. నీకు హిందీ వచ్చుగా.”

“ఈయనతో ఫోన్లో చెప్పిద్దామమ్మా.”

“మగవాళ్ళు మగవాళ్ళకి చెప్తే ఎవరు నమ్ముతారే? చూసింది ఆడవాళ్ళు. ఆడవాళ్ళకే చూపించాలి.”

చొక్కా, తువ్వాలు సంచిలో పెట్టుకున్నాను. గేటు కొడితే పనిమనిషి తీసి లోపలికి తీసుకెళ్ళింది. ముసలావిడ వాకిట్లో నీడన తివాచీ మీద కూర్చుని ఉంది. ముక్కుకీ బుగ్గలకీ రాగిరంగు గట్టి ముసుగు, కళ్ళు మాత్రం కనబడతాయి. ఆ కళ్ళు నన్ను కింది నుంచి పై దాకా కొలిచాయి. నేను కూడా కొలిచాను. ఆవిడ మొగుడు ఒకప్పుడు పడవల్లో బొంబాయికి సరుకు వేసేవాడట, అందుకని ఆవిడకి హిందీ ముక్కలు వచ్చు. కాఫీ పోశారు. చిన్న గిన్నెలో, పసుపురంగులో, ఏలకుల వాసనతో. ఆవిడ తాగేదాకా నేను తాగలేదు.

అమ్మాయి చెప్పింది. డాబా మీద కనబడింది మగవాడు కాదు, మా అమ్మేనని. కోడళ్ళు ఇద్దరూ తలుపు వెనకనుంచి వచ్చారు. నమ్మలేదు. నేను లేచి, చీర మీద చొక్కా తొడుక్కుని, తువ్వాలు చుట్టుకుని, వాళ్ళ గోడ దగ్గర నిలబడ్డాను. కోడళ్ళు వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు.

“చొక్కా అదేనంటున్నారు. కానీ ఇంత పొట్టివాడు కాదట,” అంది అమ్మాయి. “వాడు గోడకి పైన ఛాతీ దాకా కనబడేవాడట. ఆయన్ని కాపాడటానికి మనం కట్టుకథ చెబుతున్నామంటున్నారమ్మా.”

ఒంట్లో ఉన్న పట్టుదలంతా కూడదీసుకున్నాను. “చెప్పు. రెండు సిమెంటు దిమ్మలు పెట్టుకుని ఎక్కానని చెప్పు.”

“దిమ్మలా? ఎందుకు?”

“ముందు చెప్పవే.”

చెప్పింది. ముసలావిడ చెయ్యెత్తి కోడళ్ళని ఆపి, ఒక్క మాట అడిగింది.

“ఎందుకు చూశావని అడుగుతోంది.”

“నా వడియాలు వీళ్ళు దొంగిలిస్తున్నారని.”

“అమ్మా, అది నేను చెప్పను.”

“ఉన్నదున్నట్టు చెప్పు. అదొక్కటీ దాస్తే మిగతాదంతా అబద్ధం అనుకుంటుంది. నేనైతే అలాగే అనుకుంటాను.”

అమ్మాయి తల దించుకుని చెప్పింది. ముసలావిడ నా వైపు రెప్ప వేయకుండా చూసింది. తరవాత పెద్దకోడలితో ఏదో అంది. ఆవిడ లోపల్నించి బిస్కెట్ల డబ్బా తెచ్చి, దూరంగా పెట్టి, మూత తీసింది. కాగితంలో చుట్టి ఉన్నాయి. నా వడియాలు. పదకొండు.

వాకిట్లో పడుతున్నాయట, రోజూ ఒకటో రెండో. తెల్లటి ముద్దలు, మధ్యలో నల్లగా గింజలు. ఎవరో చేతబడి చేసి విసురుతున్నారనుకున్నారట. పట్టకారుతో తీసి, ప్రార్థనలు చదివి, మూతపెట్టి దాచారట. పైన తలపాగా మనిషి కనబడగానే వీడే చేస్తున్నాడని నిర్ధారణ అయిపోయిందట. నేను వాళ్ళనేమీ అనలేకపోయాను. మా వీధిలో గుమ్మం ముందు కోసిన నిమ్మకాయ కనబడితే మూడు రోజులు నేను ఎవరింట్లోనూ మంచినీళ్ళు తాగను.

డబ్బాలోంచి ఒకటి తీసి, పమిటకి తుడిచి, నోట్లో వేసుకుని నమిలాను. దుమ్ము కరకరలాడింది. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. నేను మింగేదాకా వాళ్ళందరూ నన్నే చూశారు. అప్పుడు ముసలావిడ ముసుగు కదిలింది. నవ్వుతోందని కళ్ళని బట్టి తెలిసింది. గోడ మీద ఒక గోరువంక వాలి ఉంది. ఆవిడ దాన్ని వేలితో చూపించింది. అది తలవంచి డబ్బా వైపే చూస్తోంది.

ఆవిడ పెద్దకొడుకుని పిలిచింది. అతను తలుపు బయటే ఆగాడు. ఆవిడ అరబ్బీలో గట్టిగా, ఆపకుండా మాట్లాడింది. నడుమ అతను ఏదో అడిగాడు. అమ్మాయి నా వైపు తిరిగింది.

“ఆ మనిషి పేరు పెట్టింది మీరే కదా అంటున్నాడమ్మా.”

“నేనే అని చెప్పు. కళ్ళతో చూడకుండా చెప్పానని కూడా చెప్పు.”

అతను అక్కడే నిలబడి ఫోను చేశాడు. క్యాన్సిల్ ఆగింది. ఇల్లు కూడా ఉంది. మర్నాడే మనుషుల్ని పెట్టి పిట్టగోడ మీద మూడు వరసలు లేపించాడు, దిమ్మలెక్కినా అందకుండా.

కానీ కంపెనీవాళ్ళు మేస్త్రీని వక్రాలో ఉంచలేదు. పేరు ఒకసారి నలిగింది కదా, దేశానికి ఉత్తరాన అల్ రువైస్‌లో ఏదో సైటుకి మార్చారు. అక్కడి నుంచి శుక్రవారం భోజనానికి రావడం అయ్యే పని కాదు.

పదిహేను రోజులకి మనవరాలు పుట్టింది. వెనకింటి ముసలావిడ మెంతులతో చేసిన జావ పంపింది, బాలింతకి మంచిదని. నేను ముందు వాసన చూశాను, తరవాత ఒక గరిటె తాగి గంటసేపు ఆగాను. ఏమీ కాలేదు. అప్పుడు అమ్మాయికి పెట్టాను. ఆవిడ గిన్నె ఖాళీగా ఇవ్వకుండా వేయించిన వడియాలు పోసి పంపాను. ఆవిడ కూడా ముందు ఎవరి చేతో తినిపించి చూసే ఉంటుంది.

వడియాలు పోయింది మొత్తం ముప్పై ఎనిమిది. డబ్బాలో ఉన్నవి పదకొండు. ఒకటి మేస్త్రీ నా కళ్ళ ముందు తిన్నాడు. మిగతా ఇరవై ఆరూ గోరువంకే తినేసిందంటారు అందరూ. సరే, అలాగే అనుకోనివ్వండి.

నేను తిరిగొచ్చే ముందు శుక్రవారం మేస్త్రీ వచ్చాడు. కంపెనీ బండి ఏదో పని మీద ఇటు వస్తుంటే ఎక్కాడట. అల్లుడుగారు లోపలికి లాక్కొచ్చారు. ఎప్పుడూ నన్ను చూడగానే పెద్దమ్మా అనే మనిషి, ఆ రోజు పాపని చూసి, “సల్లగుండాలె” అని మాత్రం అన్నాడు. గోడ వారగా కూర్చున్నాడు. నేను వడ్డించాను. అన్నం, పప్పుచారు, వడియాలు.

“నా వల్ల నీకు కష్టమొచ్చిందయ్యా,” అన్నాను. ఆ మాట రెండు రోజులుగా కూడబలుక్కుని పెట్టుకున్నదే. అయినా నోటికి ఒక పట్టాన రాలేదు.

“అయింది గద పెద్దమ్మా. ఇగ ఇడిసిపెట్టు.” అని, నా చేతిలోని వడియాల గిన్నె చూసి, “లెక్కవెట్టి వెయ్యి. మల్ల తక్కువైనయంటవు,” అన్నాడు.

అల్లుడుగారు నవ్వబోయి ఆగారు. నేను గిన్నె అతని కంచం పక్కన పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి అన్నం తిన్నాడు, చారు తాగాడు. వడియాలు ముట్టుకోలేదు. కంచం తనే కడిగి, చెంచా దాంట్లో పైకి కనబడేలా పెట్టాడు.

వెళ్ళేటప్పుడు అల్లుడుగారు మొహమాటంగా అడిగారు. ట్యాంకు బంతి మళ్ళీ మొరాయిస్తోంది, నీళ్ళు గోడ మీంచి కారుతున్నాయి, ఒకసారి చూస్తావా అని.

అతను చెప్పులేసుకుంటూ మెట్ల వైపు చూశాడు. “నేను మీదికెక్క సారూ. వేరేటోన్ని ఎవలనన్న పిలిపియ్యి,” అన్నాడు. కోపంగా అనలేదు. నాతో పోయొస్తననీ అనలేదు.

అతను వీధి మలుపు తిరిగాక నేను డాబా ఎక్కాను. లేపిన పిట్టగోడ వల్ల ఇప్పుడక్కడ సగం నీడే, వడియాలకి పనికిరాదు. ట్యాంకు అంచున నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. బంతి ఎలా సర్దేవాడో ఎన్నోసార్లు పక్కన నిలబడి చూశాను. అప్పుడు నేను చూసింది అతని చేతులు ఎటు పోతున్నాయోనని, పని ఎలా చేస్తున్నాడోనని కాదు. మూత ఎత్తి, చెయ్యి పెట్టి, అటూ ఇటూ తిప్పాను. ఆగలేదు. ఆ చుక్కల కింద బకెట్ పెట్టి దిగాను. విమానం ఎక్కే రోజు దాకా పొద్దునా సాయంత్రం అది వంపుకుని రావడం నా పనే అయింది.